లేని ఎండ లెక్క

బేగంపేట విమానాశ్రయంలో మా డిస్పాచ్ గదికి ఒకటే కిటికీ. అది రన్‌వే వైపు ఉండేది. 1981 డిసెంబరులో నేను కొత్తగా చేరిన రోజులవి. తెల్లవారుజామున ఐదున్నరకు డ్యూటీ. స్వెట్టర్ వేసుకుని, గ్లాసుడు చాయ్ పక్కన పెట్టుకుని మా సీనియర్ మద్రాసు వెళ్లే బోయింగ్ 737కు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. వాతావరణ శాఖ వాళ్లు పంపిన చీటీలో ఉష్ణోగ్రత 15 డిగ్రీలని ఉంది. ఆయన మాత్రం కెప్టెన్‌కు ఇచ్చే కాగితం మీద పెన్సిల్‌తో 46 అని రాశారు.

"సార్, పొరపాటు పడ్డట్టున్నారు. బయట పదిహేనే" అన్నాను.

ఆయన తలెత్తకుండానే, "పొరపాటేం లేదు బాబూ. ఇవాళ ఈ విమానానికి నడివేసవి అని చెబుతున్నాం. ఎందుకో సాయంత్రంలోగా నువ్వే నాకు చెప్పాలి" అన్నారు.

ఆ సాయంత్రానికి చెప్పలేకపోయాను. లెక్క అర్థం కావడానికి వారం పట్టింది. దాని వెనక ఎంత చరిత్ర ఉందో, ఎంతమంది ప్రాణాలు ఉన్నాయో తెలియడానికి ఉద్యోగమంతా పట్టింది. మీరు ఎక్కే జెట్ విమానాల్లో చాలా వాటికి ఈ రోజుకీ ఇదే లెక్క. లేని ఎండను ఉన్నట్టు ఊహించి, ఇంజిన్‌ను దాని పూర్తి శక్తి దాకా తీసుకెళ్లకుండా, అవసరమైనంతే వాడి గాల్లోకి లేస్తారు. బోయింగ్ వాళ్లు దీన్ని అస్యూమ్‌డ్ టెంపరేచర్ అంటారు, ఎయిర్‌బస్ వాళ్లు ఫ్లెక్స్ అంటారు. మా గదిలో మాత్రం అందరం "ఎంత తగ్గిద్దాం?" అనే అనేవాళ్లం.

విమానానికీ ఎండకీ మొదటినుంచీ పడదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక వాతావరణం ప్రకారం ఉండాల్సిన వేడి పదకొండున్నర డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం అక్కడ 42 డిగ్రీలు కాస్తుంది. ప్రామాణికం కంటే పెరిగిన ప్రతి డిగ్రీకి గాలి సుమారు 120 అడుగుల ఎత్తుకు తగినట్టు పలచబడుతుంది. అలా లెక్కవేస్తే, ఆ మధ్యాహ్నం బేగంపేటలో నిలబడిన విమానం ఐదువేల నాలుగువందల అడుగుల కొండమీద నిలబడినట్టే. అరకులోయ ఎత్తు మూడువేల అడుగులే. రన్‌వే కదలదు, దాని మీది గాలి మాత్రం పొద్దున ఒక ఊరిదిగా, మధ్యాహ్నం మరో ఊరిదిగా ఉంటుంది. డిస్పాచ్ గదిలో మా పనంతా ఈ తేడాను కిలోల్లోకి మార్చడమే.

మా మేనమామ డెక్కన్ ఎయిర్‌వేస్‌లో మెకానిక్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన సంస్థ అది. బేగంపేటే దాని స్థావరం. 1953లో ప్రభుత్వం దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మావయ్య చేతుల మీదుగా తిరిగినవన్నీ డకోటాలు. ఆ విమానానికి రెండు ఇంజిన్లు, ఒక్కొక్కటీ 1,200 అశ్వశక్తి. టేకాఫ్‌కు నిమిషానికి 2,700 చుట్లు, మానిఫోల్డ్ ప్రెషర్ 48 అంగుళాలు. ఎండయినా చలయినా, విమానం నిండినా సగం ఖాళీగా ఉన్నా మీటరు మీద చూసేది ఆ అంకెలనే.

"మా రోజుల్లో లెక్క సగం పుస్తకంలో ఉండేది, సగం కెప్టెన్ నడుములో ఉండేదిరా" అనేవాడు మావయ్య. సీటులో కూర్చున్న మనిషికి విమానం ఎలా ఊపందుకుంటోందో ఒంటికే తెలిసేదని ఆయన ఉద్దేశం. డకోటా నెమ్మదైన విమానం. వేగం తక్కువ కాబట్టి పొరపాటును తట్టుకునే వ్యవధి ఉండేది.

జెట్లు వచ్చాక ఆ వ్యవధి పోయింది. తొలి ప్రయాణికుల జెట్ అయిన కామెట్ ఆ పాఠం నేర్పింది. 1952 అక్టోబరు 26న రోమ్‌లోని చాంపీనో విమానాశ్రయంలో ఒక కామెట్ టేకాఫ్ కాలేక రన్‌వే చివర దాటి ఆగింది. ప్రాణాలు దక్కాయి. 1953 మార్చి 3న కరాచీలో కెనడియన్ పసిఫిక్ వారి కొత్త కామెట్ తెల్లవారకముందే బయల్దేరి, నేలను వదలలేక కూలిపోయింది. అందులోని 11 మందీ చనిపోయారు. జెట్ విమాన ప్రయాణ చరిత్రలో ప్రాణాలు తీసిన మొదటి ప్రమాదం అదే. రెండుచోట్లా ముక్కును వేళ కాకముందే మరీ ఎక్కువ ఎత్తారు. ముక్కు లేచిన రెక్క గాలికి అడ్డంగా నిలిచింది, వేగం పెరగడం ఆగిపోయింది. ప్రొపెల్లర్ విమానంలో ప్రొపెల్లర్ తోసే గాలి రెక్క మీదుగా వీచి కొంత ఆదుకుంటుంది. జెట్‌కు ఆ సాయం లేదు. ఆ తరవాత కామెట్ రెక్క ముందంచు ఆకారాన్ని మార్చారు. కొత్త జెట్లను పరీక్షించేటప్పుడు తోకను నేలకు రాపాడించుకుంటూ లేపి, నేలను వదలగలిగే కనిష్ఠ వేగమెంతో కొలవడం ఆనవాయితీ అయింది.

ఒంటికి తెలిసే లెక్క చాలదని తేలాక, దాన్ని కాగితం మీద పెట్టక తప్పలేదు. అమెరికా పౌర విమానయాన అధికారులు 1957 ఆగస్టులో జెట్ల కోసం ప్రత్యేక నియమావళి తెచ్చారు. దాని పేరు ఎస్.ఆర్. 422. తరవాతి రెండేళ్లలో దాన్ని రెండుసార్లు సవరించారు. ఈ రోజు ప్రపంచమంతా వాడే టేకాఫ్ లెక్కల ఎముకల గూడు అదే. అందులోని ప్రాథమిక ప్రశ్న ఒకటే: పరుగు మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోతే ఏం చేస్తావు?

దీనికి జవాబే వి-వన్ అనే వేగం. ఆ వేగం లోపు ఇంజిన్ పోతే బ్రేకులు వేసి, మిగిలిన రన్‌వేలో ఆగగలగాలి. ఆ వేగం దాటాక పోతే ఆగకూడదు, మిగిలిన ఇంజిన్‌తోనే లేచి రన్‌వే చివరికి 35 అడుగుల ఎత్తు అందుకోవాలి. వి-ఆర్ దగ్గర ముక్కు ఎత్తాలి. కనీసం వి-టు వేగంతో పైకెక్కాలి. రెండు ఇంజిన్ల విమానం చక్రాలు ముడుచుకున్నాక, ఒకే ఇంజిన్‌తో, వంద మీటర్లు ముందుకు వెళితే కనీసం 2.4 మీటర్లు పైకెక్కగలగాలి. దారిలో కొండ ఉన్నా, పొగగొట్టం ఉన్నా, దాని మీదుగా లెక్కగట్టిన దూరం మిగలాలి. బ్రేకులు అంత వేడిని తట్టుకోవాలి, టైర్లు అంత వేగాన్ని తట్టుకోవాలి. ఇన్ని షరతుల్లో ఏది అన్నిటికంటే తక్కువ బరువును అనుమతిస్తే అదే ఆ రోజుకు, ఆ రన్‌వేకు, ఆ వేడికి విమానం బరువు హద్దు.

నియమావళి వచ్చిన ఆరు నెలలకే మ్యూనిక్‌లో మరో పాఠం. 1958 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుతో వెళ్తున్న విమానం మూడోసారి టేకాఫ్ ప్రయత్నించింది. వేగం 117 నాట్లకు చేరి, అక్కడినుంచి 105కు పడిపోయింది. రన్‌వే చివరి భాగంలో సగం కరిగిన మంచు బురదలా పరుచుకుని ఉంది. అది చక్రాలను వెనక్కి లాగింది. మొత్తం 23 మంది పోయారు. తప్పంతా రెక్కల మీది మంచును తొలగించని కెప్టెన్ జేమ్స్ థెయిన్‌దే అన్నారు. ఆయన మీది ఆ మాటను బ్రిటిష్ ప్రభుత్వం తొలగించడానికి 1969 దాకా పట్టింది. కొద్ది సెంటీమీటర్ల మంచు బురద విమానాన్ని ఎంత పట్టి ఉంచుతుందో అంతకుముందు ఎవరి లెక్కలోనూ సరిగ్గా లేదు. లెక్కలో లేని విషయానికి మనిషి ఎలా బలవుతాడో చెప్పడానికి నేను కొత్తవాళ్లకు ఈ కథే చెప్పేవాణ్ని.

ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు 1964లో కారవెల్ జెట్లు వచ్చాయి. 1970, 71లలో బోయింగ్ 737లు, 1976లో ఎయిర్‌బస్ ఎ300లు వచ్చాయి. వాటితో పాటు మా గదిలోకి ఆర్.టి.ఓ.డబ్ల్యు. చార్టులు, అంటే టేకాఫ్ బరువు హద్దు చెప్పే పట్టికలు, వచ్చాయి. ప్రతి విమానాశ్రయానికీ, ప్రతి రన్‌వేకూ, ఒక్కో దిక్కుకూ ఒక్కో కాగితం. బేగంపేటకు రెండు: తూర్పుగా సికింద్రాబాద్ వైపు లేస్తే ఒకటి, పడమరగా సనత్‌నగర్ వైపు లేస్తే ఒకటి. ఎడమ పక్క నిలువుగా ఉష్ణోగ్రతలు, పైన అడ్డంగా గాలి వేగాలు. ఈ రెండూ కలిసే గడిలో ఆ పరిస్థితిలో ఎన్ని కిలోలతో లేవచ్చో ఉంటుంది. దాని పక్కనే ఆ హద్దు ఏ కారణంగా వచ్చిందో చిన్న గుర్తు, కింద మూడు వేగాలు. ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా అంచులు వేళ్ల జిడ్డుకు నల్లబడి ఉండేవి.

ఇక ఆ 46 సంగతికి వస్తాను.

జెట్ ఇంజిన్‌కు అసలు శత్రువు వేడి. మండిన వాయువు టర్బైన్ రెక్కల మీదుగా దూసుకెళ్తుంది. నికెల్ మిశ్రలోహంతో చేసిన ఆ రెక్కలు ఎర్రగా కాలుతూ, విపరీతమైన వేగంతో తిరుగుతూ, కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా సాగుతూ ఉంటాయి. వేడి ఎంత పెరిగితే ఆ సాగడం అంత వేగంగా పెరుగుతుంది, కూడికలో కాదు, గుణకారంలో. ఒక ప్రయాణం మొత్తంలో ఇంజిన్ అన్నిటికంటే ఎక్కువ కాలేది టేకాఫ్‌లోని ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే. ఆ కాసేపట్లో కొన్ని డిగ్రీలు తగ్గించగలిగితే ఇంజిన్ ఎన్నో గంటలు ఎక్కువగా బతుకుతుంది. విరిగిపడే అవకాశమూ తగ్గుతుంది.

తయారీదారులు ఇంజిన్‌ను ఒక ఉష్ణోగ్రత దాకా ఒకే శక్తి ఇచ్చేలా కట్టిపెడతారు. చాలా ఇంజిన్లకు సముద్ర మట్టం దగ్గర ఆ గీత 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, ఎత్తుకు వెళ్లేకొద్దీ కాస్త దిగుతుంది. గాలి అంతకంటే వేడెక్కితే, లోపలి లోహాన్ని కాపాడడానికి శక్తిని తగ్గించాల్సిందే. ఎంత వేడికి ఎంత తగ్గించాలో ఇంజిన్‌తో పాటు వచ్చే పట్టికల్లో ఉంటుంది. నడివేసవిలో 46 డిగ్రీలప్పుడు ఇంజిన్ ఇచ్చే తక్కువ శక్తితో కూడా, తేలికైన విమానం అన్ని షరతులూ తీర్చి లేవగలదని చార్టే చెబుతోంది కదా. అలాంటప్పుడు డిసెంబరు చలిలో అదే తేలికైన విమానం అదే తక్కువ శక్తితో ఎందుకు లేవకూడదు? జెట్లు వచ్చిన తొలి పది పదిహేనేళ్లలోనే ఇంజనీర్లకు ఈ ప్రశ్న తట్టింది. చార్టు మార్చనక్కర్లేదు, చదివే దిక్కు మారిస్తే చాలు.

మామూలుగా ఉష్ణోగ్రతతో మొదలుపెట్టి బరువు దగ్గరికి వస్తాం. ఇక్కడ బరువుతో మొదలుపెట్టి ఉష్ణోగ్రత దగ్గరికి వెళ్తాం. ఆ పొద్దున మా సీనియర్ చేసిందదే. అంకెలు గుర్తున్నంతవరకు రాస్తున్నాను, పద్ధతిని చూడండి. విమానం బరువు 44 టన్నులు. 15 డిగ్రీల వరసలో అనుమతి 52 టన్నుల దరిదాపుల్లో ఉంది. అంటే ఎనిమిది టన్నుల శక్తి ఊరికే మిగిలిపోతోంది. ఆయన స్కేలు పెట్టి వరస వెంట కిందికి దిగారు. 30, 35, 40. అనుమతించిన బరువు తగ్గుతూ వచ్చింది. 46 దగ్గర అది 44 టన్నులకు కాస్త పైన ఆగింది. తరవాతి వరసలో 44 కంటే తక్కువ. 46 కింద గీత గీశారు. ఇంజిన్ పట్టికలో 46కు ఎదురుగా ఉన్న ప్రెషర్ రేషియో, అంటే ఇంజిన్ శక్తిని చూపే అంకె, చూసి రాశారు. కాక్‌పిట్‌లో గేజి మీది చిన్న ముల్లును అక్కడికి తిప్పి, థ్రాటిళ్లను అక్కడిదాకానే తోస్తారు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఒకటుంది. ఊహించిన ఎండ కన్నా అసలు గాలి ఎప్పుడూ చల్లనే కాబట్టి, ఈ లెక్క తనంతట తానే రక్షణ వైపు మొగ్గుతుంది. విమానం వేగమాపకం గాలి తాకిడిని కొలుస్తుంది. అది 130 నాట్లు చూపుతున్నప్పుడు, బేగంపేటలో నిజంగా 46 డిగ్రీలుంటే విమానం దాదాపు 141 నాట్ల అసలు వేగంతో పోతుండాలి. 15 డిగ్రీల చిక్కటి గాలిలో 134 చాలు. ఆగడానికి పట్టే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఏడు నాట్ల తేడా దాదాపు పదో వంతు దూరాన్ని మిగులుస్తుంది. చార్టు అడిగిన రన్‌వే కంటే విమానం నిజంగా తీసుకునేది తక్కువ.

రెండో రక్షణ పైలట్ చేతిలోనే ఉంది. ఎండ లెక్కలోనే ఉంది, ఇంజిన్‌లో లేదు. మిగిలిన శక్తి ఎక్కడికీ పోలేదు. ఇంజిన్ పోయినా, గాలి ఒక్కసారిగా దిక్కు మారినా, అనుమానం వచ్చినా చెయ్యి ముందుకు తోస్తే పూర్తి శక్తి వస్తుంది. పూర్తిగా తోసినప్పుడు కూడా విమానాన్ని నేలమీద తిన్నగా పట్టుకోగలిగే వేగాలనే ఈ పద్ధతిలో లెక్కవేస్తారు. డిరేట్ అనే మరో పద్ధతిలో ఇంజిన్ హద్దునే ఒక మెట్టు కిందికి దించుతారు, అక్కడ అలా తోయడానికి వేరే నియమాలున్నాయి. ఈ రెండిటినీ కలగలపకూడదని కొత్తవాళ్లకు పదేపదే చెప్పేవాళ్లం.

అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 1988లో ఈ వాడుకకు హద్దులు రాసిపెట్టింది. పూర్తి శక్తిలో నాలుగో వంతుకు మించి తగ్గించకూడదు. రన్‌వే మీద నీళ్లు నిలిచినా, మంచు, మంచు బురద ఉన్నా అసలు తగ్గించకూడదు. మ్యూనిక్ గుర్తుందా! తడి రన్‌వే మీద తగ్గించాలంటే దాని లెక్క విడిగా ఉండాలి. చక్రాలు జారకుండా చూసే యాంటీ స్కిడ్ పనిచేయకపోతే తగ్గించకూడదు. పూర్తి శక్తి ఇవ్వగలదో లేదో ఇంజిన్‌ను అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఉండాలి. వీటన్నిటి పైన, తగ్గించాలా వద్దా అన్న ఆఖరి మాట కెప్టెన్‌దే.

పొదుపు కోసం ప్రయాణికుల ప్రాణాలతో ఆడుతున్నారని ఈ పద్ధతి గురించి విన్నవాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. మావయ్యకు ఈ లెక్క చెప్పిన రోజు ఆయన నవ్వి, "ఇందులో కొత్తేముందిరా అబ్బాయ్? బండిలో బరువు లేనప్పుడు ఎద్దుల్ని అదిలించేవాడు మంచి బండివాడు కాదు. ఎత్తు వచ్చినప్పుడు వాటి సత్తువ వాటి దగ్గరే ఉండాలి" అన్నాడు. ఇన్నేళ్లలో దీన్ని ఇంతకంటే బాగా చెప్పిన మాట నేను వినలేదు.

అయితే బండివాడికి బరువెంతో తెలియాలి. ఈ లెక్కకున్న పెద్ద బలహీనత అది. విమానం బరువు తప్పుగా ఇస్తే, లెక్క ఆ తప్పును నమ్మి, తేలికైన విమానానికి తగినంత శక్తినే ఇస్తుంది. బరువైన విమానం దానితో పరుగెత్తాలి.

1980లు, 90లలో లెక్క కాగితం మీదినుంచి కంప్యూటర్లలోకి వెళ్లింది. మన దేశానికి 1989లో ఎయిర్‌బస్ ఎ320లు వచ్చాక, థ్రాటిల్‌ను ఫ్లెక్స్ అన్న గాడిలో పెడితే చాలు, మిగతాది యంత్రమే చూసుకునేది. ఆ తరవాత ల్యాప్‌టాప్‌లు, వాటి తరవాత టాబ్లెట్లు కాక్‌పిట్‌లోకి వచ్చాయి. కూడికలు, తీసివేతలు తప్పడం ఆగిపోయింది. దాని బదులు, మీట నొక్కడంలో తప్పు వచ్చింది.

2003 మార్చిలో ఆక్లాండ్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ జంబో జెట్‌కు 347 టన్నుల బదులు 247 టన్నులకు వేగాలు లెక్కగట్టారు. ముక్కు ఎత్తాల్సిన వేగం కంటే 33 నాట్లు ముందే ఎత్తారు. తోక దాదాపు 490 మీటర్లు రన్‌వేను రాసుకుంటూ పోయింది. అయినా లేచి, తిరిగి వచ్చి దిగింది. 2004 అక్టోబరులో కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒక సరకుల జంబో సిబ్బంది ల్యాప్‌టాప్‌లో అంతకుముందు ప్రయాణపు బరువుతోనే లెక్క తీశారు. విమానం రన్‌వే లోపు లేవలేక కూలిపోయింది. అందులోని ఏడుగురూ చనిపోయారు.

2009 మార్చి 20 రాత్రి మెల్‌బోర్న్‌లో జరిగింది నేను వందసార్లు చదివి ఉంటాను. ఎమిరేట్స్ ఎయిర్‌బస్ ఎ340, 275 మంది మనుషులు. బరువు 362.9 టన్నులు. ల్యాప్‌టాప్‌లో 262.9 అని పడింది. ఒక్క అంకె. అసలు బరువుకు ఊహించాల్సిన ఎండ 43 డిగ్రీలు, యంత్రం చెప్పింది 74. ముక్కు ఎత్తాల్సిన వేగం 161 నాట్లు, యంత్రం చెప్పింది 145. యంత్రం తప్పు చేయలేదు. తనకిచ్చిన బరువుకు సరైన జవాబే ఇచ్చింది. ముక్కు ఎత్తారు, విమానం లేవలేదు, తోక నేలకు తగిలింది. కెప్టెన్ థ్రాటిళ్లను పూర్తిగా ముందుకు తోశారు. రన్‌వే అయిపోయింది, విమానం దాని చివర దాటాక గాల్లోకి లేచింది, దారిలో యాంటెన్నాను కొట్టుకుంటూ పోయింది. సముద్రం మీద ఇంధనం వదిలి తిరిగి వచ్చి దిగింది. ఒక్కరికీ ఏమీ కాలేదు. వాళ్లను బతికించింది లెక్కలో వాడకుండా మిగిల్చి పెట్టిన ఆ శక్తే. ఆపదలోకి దించింది ఆ లెక్కకు మొదట ఇచ్చిన అంకె.

2017 జులైలో బెల్‌ఫాస్ట్‌లో ఒక బోయింగ్ విమానానికి తప్పు బరువులో రాలేదు, వేడిలోనే వచ్చింది. బయట 16 డిగ్రీలుంటే యంత్రంలో మైనస్ 52 అని పడింది. అది ఆకాశంలో పైకెక్కాక ఉండే చలి. అంత చలిలో ఇంజిన్ కొద్దిగా తిరిగినా సరిపోతుందని యంత్రం లెక్కగట్టింది. ఇంజిన్ ఫ్యాన్ 93 శాతం తిరగాల్సింది 81 శాతమే తిరిగింది. 185 మందితో ఆ బోయింగ్ రన్‌వే చివర దాటాక ఒక దీపాన్ని కొట్టి, నేలకు అతి దగ్గరగా ఎక్కుతూ పోయింది. అదృష్టవశాత్తు ముందు పొలాలే ఉన్నాయి, కొండ లేదు.

ఈ తప్పులు చేసినవాళ్లు బద్ధకస్తులో, తెలియనివాళ్లో కారు. నాకూ ఒకసారి అలాంటి రోజు వచ్చింది. తొంభైలలో ఒక వేసవి సాయంత్రం, విమానాలన్నీ ఆలస్యం, ఫోన్లు మోగుతున్నాయి. ఢిల్లీ వెళ్లే ఎ320 కోసం రాసిన చీటీలో నేను 66 టన్నుల బదులు 56 రాశాను. చీటీ కాక్‌పిట్‌కు వెళ్లింది. రెండు నిమిషాల్లో కెప్టెన్ రేడియోలో పిలిచారు. గొంతులో కోపం లేదు. "సీట్లన్నీ నిండాయి, ఢిల్లీ దాకా ఇంధనం ఉంది. 56 ఎలా అవుతుందండీ? ఒకసారి చూడండి" అన్నారు. చూశాను. చేతులు చల్లబడ్డాయి. ఆయన యంత్రాన్ని అడగలేదు, చార్టు తెరవలేదు. నిండు విమానం ఎంత తూగుతుందో ఆయనకు ముందే తెలుసు. ఆ రోజు 160 మందికి పైగా మనుషులు ఆ ఒక్క అనుమానం మీద క్షేమంగా ఢిల్లీ చేరారు. వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. మేమూ మారాం. కొత్త రన్‌వే 4.2 కిలోమీటర్ల పైన పొడవు. అంత పొడవు ఉంటే ఎక్కువ తగ్గించవచ్చు, ఇంజిన్లు ఎక్కువ కాలం బతుకుతాయి. చార్టుల కట్టలు అటకెక్కాయి. ఇప్పుడు పైలట్లిద్దరూ ఎవరి టాబ్లెట్‌లో వాళ్లు విడివిడిగా లెక్క తీసి, బరువును లోడ్‌షీట్‌తో పోల్చి, అంకెలు పైకి చదివి సరిచూసుకుంటారు. మెల్‌బోర్న్ వంటి సంఘటనల తరవాత ఈ పద్ధతిని మరింత గట్టిగా పాటిస్తున్నారు. మంచి పద్ధతే. కానీ ఇద్దరూ ఒకే తప్పు కాగితం నుంచి చదివితే రెండు జవాబులూ చక్కగా కలుస్తాయి, రెండూ తప్పే అవుతాయి.

అందుకే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు, డిస్పాచ్ బల్ల ముందు కూర్చునేవాళ్లకైనా, కాక్‌పిట్‌లో కుడి సీటులో కూర్చునేవాళ్లకైనా, నేను చెప్పేది ఒకటే. తెర వైపు చూడకముందు ఒక్క క్షణం ఆగండి. ఎంతమంది ఎక్కారు, ఎంత దూరం వెళ్తోంది, బయట ఎండ ఎలా ఉంది అని మనసులో వేసుకుని, బరువు ఇంత ఉండాలి, వేగం ఇంత రావాలి అని ఒక అంచనా అనుకోండి. తరవాత తెర చూడండి. రెండూ కలవకపోతే, విమానం ఎంత ఆలస్యమైనా సరే, ఎందుకు కలవలేదో తేలేదాకా కదలనివ్వకండి.